ఒకే కల్చర్ గ్రామ్ స్టెయిన్‌లో రెండు రంగుల్లో ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న అడిగినది ఆమదాలవలసలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనల్ ఇయర్ చదువుతున్న అమ్మాయి. ప్రాజెక్టు కోసం పలాస వైపు ఒక జీడితోట నుంచి మట్టి తెచ్చి, న్యూట్రియెంట్ అగార్ ప్లేటు మీద పెంచారు. తెల్లగా, అంచులు చిరిగినట్టున్న ఒక కాలనీ నుంచి మూడో రోజు గ్రామ్ స్టెయిన్ (బాక్టీరియాను రంగులతో గుర్తించే పద్ధతి) చేస్తే పెద్ద పెద్ద కడ్డీలు గొలుసులుగా కనిపించాయి. వాటిలో కొన్ని ఊదా, కొన్ని గులాబీ. కొన్నింటి మధ్యలో రంగు పట్టని ఖాళీ. స్నేహితురాలు కంటామినేషన్ (వేరే బాక్టీరియా కలిసిపోవడం) అంటోంది. మళ్లీ చేసినా అలాగే వచ్చింది. రికార్డు పెట్టే గడువు దగ్గర పడింది. సెల్ వాల్ (కణం చుట్టూ ఉండే గోడ) మందంగా ఉంటే రంగు ఎందుకు నిలుస్తుందో పుస్తకం చదివినా అర్థం కాలేదనీ, కణంలో మిగతా భాగాలు చూడాలంటే ఏ స్టెయిన్ వాడాలో చెప్పమనీ అడిగారు.

అమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టండి. నేను విజయనగరంలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా స్లైడ్లు చూస్తున్నాను. మీరు రాసిన వివరాలన్నీ కలిపి చూస్తే అది బాసిల్లస్ రకం బాక్టీరియా అనిపిస్తోంది. ముసలి కల్చర్‌లో అవి సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. కాకపోతే ‘అనిపిస్తోంది’ అన్న మాటతో రికార్డు రాయకూడదు కాబట్టి తేల్చుకునే దారి కూడా చెబుతాను.

కొత్తగా ఏమీ చేయకుండా, మీ దగ్గర ఉన్న స్లైడ్ మీదే ఈ రోజే ఒకటి చూడండి. ఆయిల్ ఇమ్మర్షన్ కింద గొలుసుగా అతుక్కుని ఉన్న కడ్డీలను వెతకండి. ఒకే గొలుసులో ఒక కణం ఊదాగా, దానికి ఆనుకునే ఉన్న కణం గులాబీగా కనిపిస్తే ఆ రెండూ వేరువేరు బాక్టీరియా కావు. ఒక కణం రెండుగా విభజన చెంది, విడిపోకుండా ఉండిపోతేనే గొలుసు తయారవుతుంది. అంటే ఒకే గొలుసులో ఉన్నవన్నీ ఒకే తల్లి బిడ్డలు. వాటి మధ్య రంగు తేడాకి కారణం కంటామినేషన్ కాదు. అలా కాకుండా ఊదావి లావుగా పొడుగ్గా, గులాబీవి సన్నగా పొట్టిగా విడివిడిగా ఉంటే మీ స్నేహితురాలి మాటే నిజం కావచ్చు. రంగు కంటే ముందు ఆకారం, వెడల్పు, అమరిక చూడటం అలవాటు చేసుకోండి. రంగు మన చేతి పొరపాటుకి మారిపోతుంది. కణం వెడల్పు అంత తేలిగ్గా మారదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్రామ్ స్టెయిన్‌ను కణానికి రంగు వేసే పనిగా చూసినంత కాలం మీ సందేహం తీరదు. అది సెల్ వాల్‌కి పెట్టే పరీక్ష. కణంలోకి రంగు ఎక్కించి, ఆల్కహాల్‌తో దాన్ని బయటికి లాగడానికి ప్రయత్నిస్తాం. వాల్ దాన్ని పట్టి ఉంచగలిగిందా లేదా అన్నదే ఫలితం. ఆ క్షణాన వాల్ ఎలా ఉందో స్లైడ్ అదే చెబుతుంది. పుస్తకంలో ‘బాసిల్లస్ గ్రామ్ పాజిటివ్’ (అంటే ఊదా రంగు నిలుపుకునేది) అని ఉన్నంత మాత్రాన, పాడైపోయిన వాల్ ఉన్న బాసిల్లస్ కణం ఆ పరీక్షలో నెగ్గదు.

చాలామంది క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు సెల్ వాల్‌కే అంటుకుంటుందనీ, వాల్ మందంగా ఉంటే ఎక్కువ రంగు పడుతుందనీ అనుకుంటారు. అలా అనుకునే చాలామంది అక్కడే ఆగిపోతారు. రంగు లోపలికంటా వెళ్తుంది. క్రిస్టల్ వయొలెట్ నీళ్లలో కరిగినప్పుడు ధనావేశం ఉన్న అయాన్‌గా మారుతుంది. కణం లోపలి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, చాలా ప్రోటీన్ల మీద ఋణావేశం ఉంటుంది. అందుకే ఒక్క నిమిషంలో కణం మొత్తం ఊదాగా అయిపోతుంది. ఈ అడుగులో గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ (ఊదా వదిలేసేది) అన్న తేడా ఏమీ లేదు. గ్రామ్ నెగెటివ్ అయిన ఈ కోలై (E. coli) కూడా ఊదానే, గ్రామ్ పాజిటివ్ అయిన స్టెఫైలోకాకస్ కూడా ఊదానే.

తర్వాత అయోడిన్ వేస్తాం. అది లోపలికి వెళ్లి క్రిస్టల్ వయొలెట్‌తో కలిసి నీళ్లలో సరిగా కరగని పెద్ద సముదాయంగా మారుతుంది. పుస్తకాల్లో అయోడిన్‌ను మోర్డెంట్ (రంగును పట్టి ఉంచేది) అని రాస్తారు. రాయండి, మార్కులు వస్తాయి. కానీ గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, చిన్న అణువుగా లోపలికి వెళ్లిన రంగు ఇప్పుడు పెద్దదైపోయింది. వెళ్లిన దారినే తిరిగి రావడం దానికి కష్టం. ఇప్పటికీ అన్ని కణాలూ ఊదాగానే ఉన్నాయి.

తీర్పు వచ్చేది డీకలరైజర్ (రంగు లాగేసే ద్రవం, ఇక్కడ ఆల్కహాల్) దగ్గర. దీనికి వాల్ నిర్మాణం కొంచెం తెలియాలి. బాక్టీరియా సెల్ వాల్‌లో ముఖ్యమైనది పెప్టిడోగ్లైకాన్. నాగ్, నామ్ అని పిలిచే రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చేరి పొడుగాటి తాళ్లు అవుతాయి. ఈ తాళ్లను చిన్న పెప్టైడ్ ముక్కలు అడ్డంగా ముడివేస్తాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో అయితే ఐదు గ్లైసిన్లు వరుసగా చేరిన వంతెన ఆ ముడిని కలుపుతుంది. కళింగపట్నం తీరంలో వలలు చూసే ఉంటారు కదా. సన్నటి వల ఒక్క పొరే ఉంటే చిన్న చేప కన్నులోంచి జారిపోతుంది. అదే వలను మడత మీద మడత వేసి, పైగా కన్ను బిగించేస్తే లోపల ఉన్నది బయటికి రాలేదు. గ్రామ్ పాజిటివ్ కణంలో పెప్టిడోగ్లైకాన్ మందం సుమారు 20 నుంచి 80 నానోమీటర్లు, పొర మీద పొరగా ఉంటుంది. మధ్యలో టైకోయిక్ ఆమ్లాలు కూడా అల్లుకుని ఉంటాయి. ఆల్కహాల్ తగలగానే అందులోని నీరు లాగేసుకుంటుంది, కన్ను బిగుస్తుంది, పెద్ద సముదాయం లోపలే చిక్కుకుంటుంది.

గ్రామ్ నెగెటివ్ కణంలో ఈ వల చాలా పల్చన, కొద్ది నానోమీటర్లే. దానికి బయట ఇంకో పొర ఉంటుంది, ఔటర్ మెంబ్రేన్. ఇది కొవ్వు పొర. దాని బయటి వైపు లైపోపాలిసాకరైడ్ ఉంటుంది. ఆల్కహాల్ కొవ్వును కరిగిస్తుంది కాబట్టి ఔటర్ మెంబ్రేన్ ఛిద్రమవుతుంది. మిగిలిన పల్చటి వల రంగును ఆపలేదు. కణం రంగు కోల్పోతుంది. ఆ తర్వాత వేసే సఫ్రానిన్ ఈ రంగు పోయిన కణాలకు గులాబీ రంగు ఇస్తుంది. సఫ్రానిన్ ఊదా కణాల్లోకీ వెళ్తుంది. ముదురు ఊదా ముందు అది కనిపించదు, అంతే.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1983లో కెనడా శాస్త్రవేత్త టెర్రీ బెవరిడ్జ్ బృందం అయోడిన్‌కు బదులు ప్లాటినం ఉన్న ఒక సమ్మేళనం వాడింది. ప్లాటినం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లగా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రంగు ఎక్కడికి పోతోందో అడుగడుగునా చూడగలిగారు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో అది లోపలే నిలిచింది. ఈ కోలైలో ఔటర్ మెంబ్రేన్ దెబ్బతిని బయటికి పోయింది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఈ పద్ధతి ప్రచురించింది 1884లో. అంటే దాదాపు వందేళ్లు ప్రపంచమంతా రోజూ వాడాకే లోపల ఏం జరుగుతోందో కంటితో చూడగలిగారు.

గ్రామ్ గురించి ఒక మాట. ఆయన డెన్మార్క్ డాక్టరు. బెర్లిన్‌లో కార్ల్ ఫ్రీడ్‌లెండర్ దగ్గర, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియాను స్పష్టంగా చూడాలని ప్రయత్నిస్తున్నాడు. కణజాలం రంగు పోవాలి, బాక్టీరియా రంగు నిలవాలి. అదే ఆయన కోరుకున్నది. బాక్టీరియాను రెండు వర్గాలుగా చేయాలన్న ఆలోచన ఆయనకు లేదు. టైఫాయిడ్ బాక్టీరియా లాంటివి రంగు నిలుపుకోకపోవడం పద్ధతిలో లోపంలా అనిపించింది. ఆ లోపమే తర్వాత అసలు ఉపయోగమైంది. సఫ్రానిన్ అడుగు తర్వాతివాళ్లు చేర్చినది.

వీలైతే మీ ల్యాబ్‌లో ఒక పని చేయండి, పుస్తకం పదిసార్లు చదివినా రాని అవగాహన వస్తుంది. నాలుగు స్లైడ్లు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక వైపు ఈ కోలై, ఇంకో వైపు స్టెఫైలోకాకస్ స్మియర్ (పల్చటి పూత) వేయండి. మొదటిది క్రిస్టల్ వయొలెట్ దగ్గర ఆపేయండి, రెండోది అయోడిన్ దగ్గర, మూడోది ఆల్కహాల్ తర్వాత, నాలుగోది పూర్తిగా చేయండి. మొదటి రెండింట్లో రెండు బాక్టీరియాలూ ఊదాగా ఉంటాయి. మూడో స్లైడ్‌లో ఈ కోలై వైపు దాదాపు ఏమీ కనిపించదు, ఫోకస్ దొరకడానికే కష్టపడతారు. ఆ ఖాళీ చూసినప్పుడు డీకలరైజర్ ఏం చేస్తుందో మనసులో నాటుకుంటుంది.

ఇక మీ కల్చర్ సంగతి. ప్లేటు మీద బాక్టీరియా మొదటి రోజు చురుగ్గా పెరుగుతాయి. తిండి తగ్గేసరికి పెరుగుదల ఆగుతుంది. పెప్టిడోగ్లైకాన్‌ను కత్తిరించే ఎంజైములు, ఆటోలైసిన్లు, కణంలోనే ఉంటాయి. పెరిగేటప్పుడు పాత వలను కోసి కొత్త తాళ్లు చేర్చడానికి అవి కావాలి. కొత్త తాళ్లు తయారవడం తగ్గిపోయాక కూడా కోత సాగుతుంటే వాల్ పల్చబడుతుంది. కొన్ని కణాలు చచ్చిపోయి వాటి వాల్ అక్కడక్కడ తెగిపోతుంది కూడా. బాసిల్లస్, క్లాస్ట్రీడియం రకాల్లో వయసు పెరిగేకొద్దీ వాల్ పల్చబడటం బెవరిడ్జ్ తర్వాతి పరిశోధనలోనూ తేలింది. అలా పల్చబడిన కణం ఆల్కహాల్ దగ్గర రంగు వదిలేస్తుంది, గులాబీగా కనిపిస్తుంది. మీది మూడు రోజుల ప్లేటు. కణాలన్నీ ఊదాగా ఉండి ఉంటేనే నేను ఆశ్చర్యపోయేవాడిని.

మధ్యలో ఖాళీ గురించి. అది చాలావరకు ఎండోస్పోర్ అయి ఉంటుంది. తిండి కరువైనప్పుడు కణం తన డీఎన్ఏ కాపీని లోపల గట్టి తొడుగుల్లో భద్రం చేసుకుంటుంది. ఆ తొడుగులు వేడి చేయకుండా వేసిన రంగులను లోపలికి రానివ్వవు. స్పోర్ లోపల నీరు చాలా తక్కువ, కాల్షియం డైపికోలినేట్ ఎక్కువ. అందుకే మామూలుగా మరిగించినా అది చావదు. గ్రామ్ స్టెయిన్‌లో కణం చుట్టూ రంగు ఉండి, నడుమ అండాకారపు గాజు ముక్కలా మెరుస్తుంది.

అయినా మీ చేతి పద్ధతిని కూడా ఒకసారి అనుమానించాలి. స్మియర్ మందంగా ఉంటే ఒకే స్లైడ్ మీద కుప్పల మధ్యలో ఊదా, అంచుల్లో గులాబీ వస్తుంది. మధ్యలోకి డీకలరైజర్ సరిగా చేరదు, అంచుల్లో ఎక్కువసేపు పని చేస్తుంది. లూప్ చివర కాలనీని తాకీ తాకనట్టు తీసుకుని, ఒక చిన్న చుక్క నీళ్లలో కలిపి, పల్చగా పరచండి. ఎండిన స్మియర్ వెనక అచ్చక్షరాలు చదవగలగాలి. హీట్ ఫిక్సింగ్ అంటే స్లైడ్‌ను మంట మీద కాల్చడం కాదు. రెండు మూడు సార్లు మంట మీంచి దాటించి, చేతి వెనక భాగానికి తాకిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అతిగా కాలిస్తే వాల్ చిట్లిపోయి గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీ అవుతుంది. మన తీరప్రాంతంలో వానాకాలం స్మియర్ ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఆరకముందే మంట మీద పెడితే కణాలు ఉడికిపోతాయి, ఆకారం చెడిపోతుంది. ఫ్యాన్ కింద పెట్టి ఓపిక పట్టడమే మార్గం.

డీకలరైజర్ దగ్గర గడియారం కంటే కన్ను ముఖ్యం. స్లైడ్‌ను వాలుగా పట్టుకుని చుక్కచుక్కగా వేస్తూ, కిందికి జారే ద్రవంలో ఊదా రంగు ఆగిన వెంటనే నీళ్లతో కడగాలి. 95 శాతం ఆల్కహాల్ అయితే సుమారు 10 నుంచి 20 సెకన్లు పట్టవచ్చు. అసిటోన్ చాలా వేగం, రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. మీ ల్యాబ్ సీసాలో ఏది ఉందో లేబుల్ చూడండి. అసిటోన్ ఉన్న సీసాతో ఆల్కహాల్ లెక్కన 15 సెకన్లు పెడితే స్లైడ్ మొత్తం గులాబీ అవుతుంది, బాక్టీరియా తప్పేమీ ఉండదు.

అయోడిన్ సీసాను కూడా చూడండి. గ్రామ్స్ అయోడిన్ వెలుతురుకీ వేడికీ పాడవుతుంది. కిటికీ పక్కన తెల్ల సీసాలో పెడితే రంగు పలచబడుతుంది, దాని పనీ తగ్గుతుంది. అయోడిన్ బలహీనమైతే పెద్ద సముదాయం సరిగా తయారవదు, గ్రామ్ పాజిటివ్ కణాల నుంచి కూడా రంగు పోతుంది. చాలా కాలేజీ ల్యాబుల్లో తప్పు రావడానికి ఇదే కారణమని నా అభిప్రాయం, అయినా దీన్ని ఎవరూ అనుమానించరు. ముదురు గోధుమ రంగు సీసాలో, చల్లటి చీకటి అరలో పెట్టాలి. క్రిస్టల్ వయొలెట్‌లో అడుగున మడ్డి ఉంటే ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి, లేకపోతే ఆ మడ్డి చుక్కలు గ్రామ్ పాజిటివ్ కాకై (గుండ్రటి బాక్టీరియా) లా కనిపించి మోసం చేస్తాయి.

ఇవన్నీ ఒక్క దెబ్బకు తేల్చేది కంట్రోల్, అంటే ఏ రంగు రావాలో ముందే తెలిసిన నమూనా. మీ నమూనా స్మియర్ మధ్యలో వేసి, అదే స్లైడ్ మీద ఒక పక్క స్టెఫైలోకాకస్, మరో పక్క ఈ కోలై వేయండి. స్టెఫైలోకాకస్ ఊదాగా, ఈ కోలై గులాబీగా వస్తేనే మధ్యలో ఉన్నదాని రంగును నమ్మాలి. కాలేజీలో స్టెఫైలోకాకస్ కల్చర్ దొరకకపోతే ఇంట్లో పెరుగు ఉంది. పెరుగులోని లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకాకస్ రెండూ గ్రామ్ పాజిటివ్. కొద్దిగా పెరుగును నీళ్లలో పలచగా కలిపి స్మియర్ వేయండి. వెన్న శాతం ఎక్కువైతే రంగు సరిగా రాదు, మీగడ లేని అడుగు పెరుగు తీసుకోండి. అది తాజాది కావాలి, పులిసిపోయిన పెరుగులో కూడా ముసలి కణాలే ఉంటాయి.

తేల్చుకోవడానికి మీరు చేయవలసిన పని ఇది. ఆ కాలనీని కొత్త ప్లేటు మీద స్ట్రీక్ చేసి విడి కాలనీలు తెప్పించండి. అన్నీ ఒకే రూపంలో ఉన్నాయా చూడండి. అందులో ఒకే ఒక్క కాలనీని ఇంకో ప్లేటుకి మార్చి, 16 నుంచి 18 గంటల వయసులో గ్రామ్ స్టెయిన్ చేయండి. సాయంత్రం ఇనాక్యులేట్ చేసి మర్నాడు ఉదయం కాలేజీకి రాగానే చేస్తే సరిపోతుంది. అప్పుడు కడ్డీలు దాదాపు అన్నీ ఊదాగా కనిపించి, అదే ప్లేటు మూడో రోజుకి మళ్లీ రెండు రంగులు చూపిస్తే మీ ప్రాజెక్టుకి అది మంచి ఫలితం. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి.

పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష కూడా చేయండి, దానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు. స్లైడ్ మీద 3 శాతం ద్రావణం ఒక చుక్క వేసి, కాలనీ నుంచి కొంచెం తీసి అందులో గట్టిగా కలపండి. గ్రామ్ నెగెటివ్ అయితే కణాలు పగిలి డీఎన్ఏ బయటికి వచ్చి, లూప్ పైకి లేపితే జిగటగా తీగ సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ అయితే తీగ రాదు. ఇదీ తాజా కల్చర్‌తోనే చేయాలి.

స్పోర్లకు షేఫర్ ఫుల్టన్ పద్ధతి. మలకైట్ గ్రీన్ వేసి, కింద నీటి ఆవిరి తగిలేలా ఐదు నిమిషాలు వేడి చేయాలి. రంగు ఆరిపోకుండా మధ్యమధ్య పోస్తూ ఉండాలి. ఆ వేడికి రంగు స్పోర్ తొడుగుల్లోకి చొరబడుతుంది. తర్వాత నీళ్లతో కడిగితే మామూలు కణం నుంచి ఆకుపచ్చ పోతుంది, స్పోర్ నుంచి పోదు. సఫ్రానిన్ వేస్తే ఎర్రటి కడ్డీల్లో ఆకుపచ్చ స్పోర్లు స్పష్టంగా తెలుస్తాయి. దీనికి మాత్రం మీ మూడు రోజుల ప్లేటే కావాలి, పారేయకండి. స్పోర్ మధ్యలో ఉందా, చివర ఉందా, కణాన్ని ఉబ్బించిందా అన్నది రాసుకోండి, జాతి గుర్తింపుకి పనికొస్తుంది. ఇంకో చిన్న నిర్ధారణ ఉంది. ఆ కల్చర్‌ను సెలైన్‌లో కలిపి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచి, మళ్లీ ప్లేటు మీద వేయండి. స్పోర్ ఉన్నవే మళ్లీ పెరుగుతాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మట్టి నుంచి వచ్చిన స్పోర్ బాక్టీరియా చాలావరకు హాని లేనివే. కానీ ఆంత్రాక్స్ కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్ కూడా ఈ కుటుంబమే. మన పొరుగున అరకు మన్యంలో ఆంత్రాక్స్ కేసులు వచ్చిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. మీ ప్లేటు అదేనని నేను అనడం లేదు. పేరు తేలేదాకా ప్లేటు మూత తీసి వాసన చూడటం, గ్లవ్స్ లేకుండా పని చేయడం వద్దు. పారేసే ముందు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేయాలి. డెట్టాల్ నీళ్లలో ముంచి వదిలేస్తే స్పోర్లు చావవు.

కణంలో మిగతా భాగాల గురించి అడిగారు. మీ కాలేజీ మైక్రోస్కోపులో రెండు బిందువులు విడిగా కనిపించాలంటే వాటి మధ్య సుమారు 0.2 మైక్రోమీటర్ల దూరం ఉండాలి. ఈ కోలై పొడవే దాదాపు 2 మైక్రోమీటర్లు. కాబట్టి ప్లాస్మా మెంబ్రేన్, 70ఎస్ రైబోజోములు, ప్లాస్మిడ్ల వంటివి ఏ రంగు వేసినా ఆ మైక్రోస్కోపులో కనిపించవు. వాటి బొమ్మలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నుంచి వచ్చినవే. ఫ్లాజెల్లా మందం సుమారు 20 నానోమీటర్లు. ట్యానిక్ ఆమ్లంతో రంగును దాని మీద పేర్చి లావు చేస్తే తప్ప కనిపించదు. లీఫ్‌సన్ పద్ధతి అదే. చేతికి కుదరడం కష్టం, మొదటిసారే రాకపోతే నిరాశ పడకండి. క్యాప్సూల్ ఎక్కువగా నీరు, పాలిసాకరైడ్. రంగు దానికి పట్టదు. అందుకే నైగ్రోసిన్ లేదా ఇండియా ఇంక్‌తో వెనక భాగాన్ని నల్లగా చేస్తాం, కణం చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. అక్కడ వేడి చేస్తే క్యాప్సూల్ ముడుచుకుపోతుంది, హీట్ ఫిక్సింగ్ వద్దు. డిఫ్తీరియా బాక్టీరియాలో పాలీఫాస్ఫేట్ రేణువులు ఆల్బర్ట్ స్టెయిన్‌లో ముదురు నీలం నలుపుగా, కణం ఆకుపచ్చగా కనిపిస్తాయి.

మన పాఠ్యపుస్తకాల్లో బాక్టీరియా కణం బొమ్మలో ప్లాస్మా మెంబ్రేన్ లోపలికి మడతపడినట్టు మీసోసోమ్ గీస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం రసాయనాలతో ఫిక్స్ చేసినప్పుడు ఏర్పడే మడత అది, బతికిన కణంలో ఉండే భాగం కాదని 1970ల చివరికల్లా తేలింది. వెంటనే గడ్డకట్టించే పద్ధతిలో తీసిన చిత్రాల్లో అది కనిపించలేదు. పరీక్షలో అడిగితే పుస్తకంలో ఉన్నది రాయండి, పక్కన ఈ వాక్యం కూడా చేర్చండి. వైవాలో అడిగితే ధైర్యంగా చెప్పండి. ఇన్నేళ్లయినా ఆ బొమ్మ మారకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వాల్‌కి పరీక్ష పెట్టడమే స్టెయిన్ అన్న మాట యాసిడ్ ఫాస్ట్ (ఆమ్లంతో కడిగినా రంగు వదలని) బాక్టీరియా దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. క్షయ బాక్టీరియా వాల్‌లో మైకోలిక్ ఆమ్లాలు ఉంటాయి. పొడుగాటి కొవ్వు గొలుసులు, మైనంలాంటి పొర. గ్రామ్ రంగులు దానిలోకి సరిగా వెళ్లవు. జీల్ నీల్సన్ పద్ధతిలో ఫీనాల్ కలిపిన కార్బాల్ ఫ్యూక్సిన్ వేసి ఆవిర్లు వచ్చేదాకా వేడి చేస్తే రంగు లోపలికి పోతుంది. చల్లారాక ఆ మైనం పొరే దాన్ని లోపల బంధిస్తుంది. మన జాతీయ క్షయ కార్యక్రమంలో 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగినా ఎర్రగా నిలుస్తుంది. కుష్ఠు బాక్టీరియా అంత బలంగా నిలవదు కాబట్టి 5 శాతం ఆమ్లమే వాడతారు. 25 శాతం వాడితే ఉన్న బాక్టీరియా కూడా కనిపించకుండా పోవచ్చు.

కుష్ఠు ఈ ప్రాంతానికి కొత్త జబ్బు కాదు. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి చాలాకాలంగా ఉంది. చర్మం గాటు నుంచి తీసిన స్మియర్‌లో బాక్టీరియా ఎన్ని ఉన్నాయన్నదే కాక, ఎలా ఉన్నాయన్నదీ లెక్కిస్తారు. కడ్డీ మొత్తం ఒకే తీరుగా ఎర్రబడితే అది బతికి ఉన్నదిగా, ముక్కలుగానో రేణువులుగానో రంగు పడితే చచ్చినదిగా పరిగణిస్తారు. దీన్ని మార్ఫలాజికల్ ఇండెక్స్ అంటారు. మందు పని చేస్తుంటే అది తగ్గుతుంది. మీ బాసిల్లస్‌లో గులాబీ కణాలు చెబుతున్నదీ ఇలాంటి సమాచారమే. అది జాతి పేరు చెప్పడం లేదు, ఆ కణం ఆరోగ్యం చెబుతోంది.

ఆసుపత్రిలో ఈ రంగు మీద డాక్టరు నిర్ణయాలు ఆధారపడతాయి. మెదడు పొరల వాపు అనుమానంతో వచ్చిన వెన్ను నీటిలో చీము కణాల లోపల గులాబీ జంట కాకై కనిపిస్తే మెనింగోకాకస్ వైపు, ఊదా రంగు కొసదేరిన జంటలు కనిపిస్తే న్యుమోకాకస్ వైపు ఆలోచిస్తారు. కల్చర్ రావడానికి ఒక రోజు పైనే పడుతుంది, స్లైడ్ అరగంటలో చెబుతుంది. వాల్ నిర్మాణమే మందునూ నిర్ణయిస్తుంది. వాంకోమైసిన్ అణువు చాలా పెద్దది, సుమారు 1450 డాల్టన్లు (అణువు బరువు కొలత). గ్రామ్ నెగెటివ్ ఔటర్ మెంబ్రేన్‌లోని పోరిన్ రంధ్రాల్లోంచి సుమారు 600 డాల్టన్ల దాకా ఉన్న అణువులే వెళ్లగలవు. అందుకే అది గ్రామ్ పాజిటివ్ మీద పని చేస్తుంది, గ్రామ్ నెగెటివ్ మీద పని చేయదు. మైకోప్లాస్మాకి అసలు వాల్ లేదు, కాబట్టి పెన్సిలిన్ ఆపడానికి అక్కడ వాల్ తయారీయే ఉండదు.

అప్పటికే యాంటీబయాటిక్ వాడిన రోగి నమూనాలోనూ మీకు వచ్చినట్టే రెండు రంగులు వస్తాయి. పెన్సిలిన్ రకం మందులు వల ముడులు పడకుండా ఆపుతాయి కదా, వాల్ బలహీనపడి గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీ అవుతుంది. అందుకే మేము రిపోర్టు రాసే ముందు రోగి మందులు వాడాడా అని అడుగుతాం.

మీ రికార్డులో ‘గ్రామ్ పాజిటివ్’ అని ఒక్క ముక్కలో రాయొద్దు. 18 గంటల కల్చర్‌లో పెద్ద కడ్డీలు, గొలుసులుగా, ఊదా రంగు. 72 గంటల కల్చర్‌లో గ్రామ్ వేరియబుల్ (కొన్ని ఊదా, కొన్ని గులాబీ), రంగు పట్టని అండాకారపు ఎండోస్పోర్లు. స్పోర్ స్టెయిన్‌లో ఆకుపచ్చ, కణంలో వాటి స్థానం. పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్షలో తీగ రాలేదు. కంట్రోల్‌గా ఏవి వాడారు, అవి ఏ రంగులో వచ్చాయి. ఇవి వచ్చినవి వచ్చినట్టు రాయండి. రానిది రాలేదనే రాయండి. డీకలరైజర్ ఆల్కహాలా అసిటోనా, ఎన్ని సెకన్లు అన్నది కూడా తప్పకుండా చేర్చండి. ఎగ్జామినర్ ముందుగా దాని గురించే అడుగుతారు.